యాకూబన్న పేరు మీద నా ఊపిరి

నవంబర్ 3, సోమవారం

ఈ నోటుపుస్తకం స్రవంతి మేడం పుణ్యం. మేడం అంటే మా చిన్నబిడ్డ వయసు పిల్ల. హనుమకొండలో నేను చూపించుకునే దవాఖానలో ఊపిరి కసరత్తులు నేర్పుతుంది. "అంకుల్, రోజు రాయండి. ఎన్ని అడుగులు నడిచిండ్రు, ఎక్కడ ఆగిండ్రు, ఆయాసం ఎంతొచ్చింది" అని తనే కొని చేతిలో పెట్టింది. బస్సు కండక్టరుగా ముప్పై ఏళ్ళు ఎవరెక్కడ ఎక్కారో, ఎక్కడ దిగారో రాసినవాణ్ణి. ఇప్పుడు నా అడుగులు నేనే రాసుకోవాలి.

గేటు నుంచి కిరాణా కొట్టు దాకా. ఆగింది రెండుసార్లు. ఆయాసం — ఉంది.

నవంబర్ 4

పొద్దున్నే ఛాతీలో పిల్లికూతలు. మంచు పడ్డప్పుడల్లా ఇంతే.

"ఇంట్ల పిల్లి జొర్రిందా ఏందయ్యా" అంది భాగ్య, చాయ్ గ్లాసు పెడుతూ. పెళ్ళయి ముప్పై ఆరేళ్ళయినా నన్ను ఆటపట్టించడం మానలేదు. ఎప్పుడూ నేనూ ఏదో ఒకటి అంటాను. ఈరోజు ఆ కూతే వింటూ కూర్చున్నాను.

ఆ కూత నాకు పరిచయమే. నా కుడి పక్కన, ఇంజన్ బానెట్‌కు అవతల, స్టీరింగ్ వెనక నుంచి వినబడేది. చివరి రెండేళ్ళు రోజూ విన్నాను. అది మా బస్సు డ్రైవర్ యాకూబన్న కూత. నా ఛాతీలోకి ఎలా వచ్చిందో.

నవంబర్ 6, గురువారం

క్లాసు. ఐదుగురం. అందరం దగ్గులతోనే మాట్లాడుకున్నాం.

మేడం బోర్డు మీద ఊపిరితిత్తుల బొమ్మ వేసింది. "మీకు గాలి అందుతలేదని అనుకుంటాన్రు గదా. అసలు సంగతి ఏందంటే, లోపలికి పోయిన గాలి బయటికి వస్తలేదు. పాత గాలి లోపల్నే కూసున్నది. కొత్త దానికి జాగ లేదు."

ఇంత తేలిక సంగతి డాక్టర్లు ఎందుకు చెప్పరు? దిగేవాళ్ళు దిగితేనే కదా ఎక్కేవాళ్ళకు చోటు. ముప్పై ఏళ్ళు ఫుట్‌బోర్డు మీద నిలబడి నేను అరిచింది అదే.

నేర్చుకున్నది: ముక్కుతో లోపలికి, రెండు లెక్కపెట్టేంత సేపు. మూతి ముడిచి బయటికి, నాలుగు లెక్కపెట్టేంత సేపు. వేడి చాయ్ ఊదుకున్నట్టు. గట్టిగా కాదు. "ముందట దీపం ఉన్నదనుకోండి. అది ఆరిపోవద్దు. వణకాలె, అంతే."

తర్వాత ఒక్కొక్కరినీ అడిగింది, ఏం చేయగలిగితే సంతోషం అని. ఒకాయన మనవరాలి పెళ్ళిలో నిలబడి భోజనం చేయాలన్నాడు. ఒకామె బతుకమ్మ ఆడాలంది. నా వంతు వచ్చింది.

"మెట్లు ఎక్కాలె."

"ఎవరింటియి అంకుల్?"

"మడికొండల. రెండో అంతస్తు. లిఫ్టు లేదు. మా డ్రైవర్ ఇంటోళ్ళు ఉంటరు."

ఎందుకు అని అడగలేదు. మంచి పిల్ల.

నవంబర్ 7

గేటు నుంచి కిరాణా కొట్టు. ఒకసారే ఆగాను. ఆగినచోట రేడియేటర్‌లో నీళ్ళు పోయించుకుంటూ ఒక పాత బస్సు... చూడకుండా వచ్చేశాను.

నవంబర్ 9, ఆదివారం

ఎందుకు అని ఆ పిల్ల అడగకపోయినా నేను రాసుకోవాలి. మెట్ల సంగతి.

పోయిన నెల చాంద్ వదిన ఫోన్ చేసింది. యాకూబన్న భార్య. పండక్కీ పబ్బానికీ చేస్తుంది, ఆయన పోయాక కూడా. నా ఆరోగ్యం అడిగింది, భాగ్యను అడిగింది, తర్వాత గొంతు తగ్గించింది. "జానీకి దగ్గు తగ్గుతలేదు తమ్మీ. రెండో అంతస్తు ఎక్కితే గోడ పట్టుకొని నిలవడతాండు. ముప్పై మూడేండ్లు సుత నిండలే పోరనికి."

జానీ వాళ్ళ కొడుకు. కంకర క్రషర్ దగ్గర టిప్పర్ తోలుతాడు. పొద్దంతా తెల్లదుమ్ములోనే.

"దవాఖానకు తీస్కపో వదినా. గొట్టంల ఊదిపిచ్చి చూస్తరు. అండ్ల తెలుస్తది" అన్నాను.

"ఏం తెలుస్తది తమ్మీ. మీ అన్న ఊదలేదా? ఫస్ట్‌క్లాస్ ఉన్నదని రాసిచ్చిండ్రు. పది నెలలకు మట్టైపాయె. ఆ మిషన్లన్ని వట్టియే. జానీకి అదే చెప్పిన. పైసలు దండుగ, పో బిడ్డా, తులసాకు కషాయం తాగమని."

నేనేమన్నానో ఇక్కడ రాయాలి కదా. "అవును వదినా" అన్నాను.

అవును అన్నాను.

నవంబర్ 10

నిన్న సగంలో పుస్తకం మూసేశాను. ఈరోజు మిగతాది.

ఏడేళ్ళ కింద. మేడారం జాతర స్పెషల్ డ్యూటీలు అయిపోయిన నెలకి డిపోలో డ్రైవర్లకు వైద్య పరీక్షలు పెట్టారు. కళ్ళు, బీపీ, షుగర్, ఆ ఏడు కొత్తగా ఊపిరి. కండక్టర్లకు లేదు. క్యాంటీన్ షెడ్డు కింద బల్ల. బల్ల మీద తెల్ల ప్లాస్టిక్ గొట్టం, దాని మీద ఎర్రటి చిన్న ముల్లు. ఎంత ఊదితే ముల్లు అంత దూరం జరుగుతుంది. అక్కడున్న అంకె కాగితం మీద రాసి సంతకం పెడతారు.

ఆ జాతరకే యాకూబన్న పని అయిపోయింది. ఆ దుమ్ములో, ఆ జనంలో, తాడ్వాయి దాటాక బండి పక్కకు ఆపి స్టీరింగ్ మీద తలపెట్టుకునేవాడు. ప్రయాణికులు తిట్టేవాళ్ళు. నేను ముందుకెళ్ళి, "అన్నా, నిద్రనా?" అనేవాణ్ణి. చెయ్యి ఊపేవాడు.

పరీక్ష రోజు షెడ్డు వెనక నన్ను పట్టుకున్నాడు. "సమ్మయ్యా, నాతోని కాదురా. ఊదితే ముల్లు కదల్దు. అన్‌ఫిట్ అని రాస్తరు. స్టీరింగ్ దిగి నేనేం చెయ్యాలె? గేటు కాడ కూసోని కర్ర పట్టుకోవాల్నా?"

ఆయన అడగలేదు. ఇది గుర్తుపెట్టుకోవాలి. నన్ను ఊదమని ఆయన అడగలేదు. పేరు పిలిచారు. ఆయన నా వైపు చూశాడు, అంతే. నేనే వెళ్ళాను.

రాసే కుర్రవాడు తల ఎత్తలేదు. ఖాకీ చొక్కాకు ముఖం ఉండదు. "యాకూబేనా?" "ఆఁ." గొట్టం నోట్లో పెట్టుకున్నాను. ఆ రోజుల్లో నా ఊపిరి మంచి బలంగా ఉండేది. నా విజిల్ ఊదితే బస్టాండ్ అవతల ఉన్నవాడు ఉలిక్కిపడేవాడు. కొంచెం ఊది వదిలేయొచ్చు కదా. లేదు. ఉన్న గర్వమంతా పెట్టి ఊదాను. ముల్లు చివరిదాకా పోయింది. "శభాష్ తాతా, పహిల్వాన్ ఉన్నవ్" అన్నాడు వాడు.

తర్వాత ఇద్దరం మిర్చి బజ్జీలు తిన్నాం. ఒకే కట్టలోంచి రెండు బీడీలు కాల్చాం. నవ్వుకున్నాం. ఆయన నవ్వుతూ నవ్వుతూ దగ్గాడు, దగ్గుతూ దగ్గుతూ కూర్చున్నాడు.

ఆ కాగితం ఇంటికి తీసుకుపోయాడు.

నవంబర్ 13

క్లాసు. మేడం "ఊదండి" అన్నప్పుడల్లా నాకు "యాకూబేనా?" అని వినబడుతుంది.

నవంబర్ 17, సోమవారం

కొత్తది నేర్పింది. ఆయాసం ఎక్కువైతే నిటారుగా నిలబడి గింజుకోవద్దట. ముందుకు వంగి, చేతులు బల్ల మీదో మోకాళ్ళ మీదో ఆనించి, భుజాలు వదిలేసి, మూతి ముడిచి నెమ్మదిగా వదలాలట.

కుర్చీలో కూర్చొని బల్ల మీద రెండు చేతులు గుండ్రంగా పెట్టి తల ఆనించి చూపించింది.

నేను లేచి బయటికొచ్చేశాను. వెనకాల "అంకుల్, ఏమైంది?" అంటోంది.

ఏమైందంటే ఏం చెప్పను. అచ్చం అలాగే. స్టీరింగ్ మీద రెండు చేతులు, వాటి మీద తల. ఆయన నిద్రపోలేదు. ఎవరూ నేర్పకుండానే ఊపిరికి దారి వెతుక్కున్నాడు. వెనక నుంచి నేను రెండు విజిల్స్ కొట్టేవాణ్ణి. పోనీ, పోనీ, టైమవుతోంది.

నవంబర్ 18

ఇంకొకటి గుర్తొచ్చింది. ఆయన మూతి ముడిచి ఈల వేస్తున్నట్టు ఉండేవాడు, శబ్దం వచ్చేది కాదు. "పాట మర్సిపోయినవా అన్నా?" అని ఎగతాళి చేసేవాణ్ణి. వెనక సీట్ల వాళ్ళు కూడా నవ్వేవాళ్ళు.

నవంబర్ 21

కిరాణా కొట్టు దాకా ఆగకుండా. భాగ్య కొట్టువాడికి కూడా చెప్పుకుంది. ఆమె సంతోషం చూస్తే నాకు ఏడుపొచ్చింది. దీనికీ ఏడుస్తారా అనుకుంటుందని ముక్కు చీదుతున్నట్టు నటించాను.

నవంబర్ 26

మంచు బాగా పట్టింది. రోడ్డు అవతల ఎవరో ఖాకీ చొక్కా మనిషి నిలబడి దగ్గుతున్నాడు. దగ్గరికి పోయి చూస్తే పాలవాడు. ఖాకీ కూడా కాదు, మట్టిరంగు స్వెటరు.

డిసెంబర్ 1, సోమవారం

మెట్లు మొదలు. మా మిద్దె మెట్లే.

మేడం చెప్పిన పద్ధతి: ముందు నిలబడి పీల్చాలి. మెట్టు ఎక్కేటప్పుడు వదలాలి. కష్టమైన పని ఏదైనా ఊపిరి వదులుతూ చేయాలి. ఊపిరి బిగబట్టి ఎక్కొద్దు. ఆయాసం వచ్చాక ఆగడం కాదు, రాకముందే ఆగాలి. "ఎవరన్న చూస్తాన్రని ఉరకొద్దు అంకుల్. మీ బస్సు, మీ ఇష్టం."

నాలుగు మెట్లు. దిగాను. మళ్ళీ నాలుగు.

భాగ్య కింద నిలబడి లెక్కపెట్టింది. పాత విజిల్ ఎక్కడో వెతికి తెచ్చి నా మెడలో వేసింది. "నేను వంటింట్ల ఉంటే నీ పిలుపు ఇనవడది. దమ్మెక్కువైతే ఇది ఊదు." ఊది చూశాను. గాలి పోయింది. విజిల్ మోగలేదు. 

డిసెంబర్ 5

ఏడు మెట్లు.

డిసెంబర్ 8

జ్వరం. నడక లేదు, మెట్లు లేవు.

డిసెంబర్ 9

జ్వరం. పడుకుంటే ఆయాసం, కూర్చుంటే నయం. కిటికీ దగ్గర కుర్చీ వేయించుకున్నాను. యాకూబన్న కూడా చివరి నెలలో కిటికీ దగ్గరే కూర్చునేవాడట, పడుకోలేక. ఇది వదిన చెబితే తెలిసింది. నేను చూడలేదు. ఆ నెల ఒక్కసారి కూడా వెళ్ళలేదు. డ్యూటీ అన్నాను. డ్యూటీ కాదు, భయం.

డిసెంబర్ 15, సోమవారం

భాగ్య అడిగింది. "గా మడికొండకు ఫోన్ల మాట్లాడితే అయిపాయె గదా. ఇంత తిప్పలు పడి పోవుడెందుకు?"

వదినకు మోకాళ్ళ నొప్పులు, కిందికి దిగదు. ఫోన్లో చెప్పే సంగతి కాదిది. ఫోన్లో చెబితే ఆమె ముఖం నేను చూడక్కర్లేదు కదా. అందుకే ఫోన్లో చెప్పకూడదు.

భాగ్యకు మాత్రం "ఊకెనే, సూసొద్దామని" అన్నాను. ఆమెకూ ఏడేళ్ళుగా తెలియదు.

డిసెంబర్ 19, శుక్రవారం

వెళ్ళాను. ఆటోలో మడికొండ. కొత్త ఇళ్ళు, అన్నీ ఒకేలా. జానీ అద్దెకుండే ఇంటికి బయటి నుంచే మెట్లు. లెక్కపెట్టాను, ఇరవై ఎనిమిది. మధ్యలో మొదటి అంతస్తు దగ్గర నిలబడే చోటు.

పీల్చడం, వదులుతూ ఎక్కడం. పద్నాలుగు అయ్యాయి. అక్కడ ఆగాను. పైనుంచి దగ్గు వినబడింది. జానీ ఇంట్లోనే ఉన్నాడు.

వాడి దగ్గు వాళ్ళ నాన్న దగ్గే. మొదట రెండు పొడిగా, తర్వాత ఒకటి పొడుగ్గా.

మిగతా పద్నాలుగు ఎక్కలేదు. దిగి వచ్చేశాను. ఆటో అతను "ఇంట్ల లేరా పెద్దమనిషీ?" అన్నాడు. లేరు అన్నాను.

డిసెంబర్ 20

నిన్న ఆగింది ఆయాసంతో కాదు. మేడంకు చూపించే పేజీలో ఆయాసం అని రాశాను. ఇక్కడ నిజం రాస్తున్నాను.

డిసెంబర్ 27

మిద్దె మెట్లు మొత్తం, రెండుసార్లు ఆగి.

జనవరి 2, శుక్రవారం

ఈసారి పైదాకా. నాలుగుచోట్ల ఆగాను, ఆయాసం రాకముందే. అయినా పైన గుమ్మం దగ్గరికి వచ్చేసరికి నోట మాట రాలేదు. వదిన తలుపు తీసింది, నన్ను చూసింది, అరవలేదు, కంగారుపడలేదు. చెయ్యి పట్టి కుర్చీలో కూర్చోబెట్టి, ముందు స్టూలు జరిపి, దాని మీద దిండు పెట్టింది. "వంగు తమ్మీ. తల ఆనిచ్చుకో. మాట్లాడకు. మీ అన్నకు సుత గిట్లనే పెట్టేదాన్ని."

తల ఆ దిండు మీద పెట్టాను. ఆమె నా వీపు మీద చెయ్యి వేసి పైనుంచి కిందికి రాసింది. కన్నీళ్ళు దిండులోకి పోయాయి, ఆమెకు కనబడలేదు.

నాకు ఊపిరి తిరిగేలోపు ఆమే మాట్లాడింది.

"ఆయన నాకు చెప్పిండు తమ్మీ. చాందూ, నాతోని అయితలేదు, పెద్ద దవాఖానకు పోదామని. నేనేమన్ననో తెల్సా? రిపోర్ట్ ఫస్ట్‌క్లాస్ ఉన్నది, నీకు డ్యూటీ ఎగ్గొట్టబుద్ధి అయితాంది అన్న. గట్లనే అన్న. ఆయన మల్ల అడగలే. నా నోరే ఆయన్ని తిన్నది."

లేచి బీరువా తీసింది. ఆ కాగితం. ల్యామినేషన్ చేయించింది. చేతిలో పెట్టింది. "సూడు, ఎంత మంచిగున్నదో. ఇంత ఊపిరి ఉన్న మనిషి ఎట్ల పోతడు?"

పేరు యాకూబ్. వయసు ఆయనది. అంకె నాది.

అప్పటికి నా ఆయాసం పూర్తిగా తగ్గింది. చాయ్ తాగాను. బిస్కెట్లు తిన్నాను. జానీ గురించి అడిగాను, డ్యూటీకి పోయాడంది. వస్తానని లేచాను. మెట్లన్నీ దిగాను.

తప్పు ఊపిరి మీదకు నెట్టకు సమ్మయ్యా. అక్కడ నీకు ఊపిరి ఉంది.

జనవరి 3

ఆయన ఆమెకు ఎందుకు చెప్పలేదు? చాందూ, అది నేను ఊదలేదు, సమ్మయ్య ఊదాడు అని ఒక్క మాట. చెబితే నా ఉద్యోగం పోతుందని. అంతే అయ్యుంటుంది. పోయేముందు కూడా నా గురించి ఆలోచించాడు, దొంగముండాకొడుకు. నన్ను ఇలా వదిలేసి పోయాడు.

జనవరి 5, సోమవారం

మేడంను అడిగాను. "మెట్లెక్కినంక మాట్లాడాలంటే ఎట్ల మేడం?"

"మాట బయటికొచ్చేది ఊపిరితోనే గదా అంకుల్. ఒక్కపారే అంత చెప్పాలని చూడొద్దు. పీల్చండి. రెండు మూడు మాటలు చెప్పండి. ఆగండి. మల్ల పీల్చండి. వినెటోళ్ళు ఆగుతరు."

ఆగుతారా.

ఇంటికొచ్చి కాగితం మీద కోసుకున్నాను.

వదినా, ఆ రిపోర్ట్ —
అన్నది కాదు —
ఆయన పేరు మీద —
ఊదింది నేను —
జానీని దవాఖానకు —
తీస్కపో.

ఆరు ఊపిర్లు. నీ తప్పు లేదు వదినా అన్నది ఏడోది. దానికి ఊపిరి మిగులుతుందో లేదో.

జనవరి 7

వంటింట్లో ఆ కాగితం పైకి చదువుకుంటుంటే భాగ్య వెనక నిలబడి విన్నదట. కూరగాయల కత్తి పక్కన పెట్టింది.

"ఏడేండ్లు గీ ఇంట్లనే తిన్నవ్, గీ ఇంట్లనే పన్నవ్. నాకు సుత చెప్పలే."

"చెప్పలే."

"నేను ఆమెకు ఎన్నిసార్లు చెప్పిన్నో. అల్లా రాసిండు అక్కా, ఎవల చేతుల లేదు అని. నాతోని సుత అబద్ధం ఆడిచ్చినవ్."

రాత్రికి అన్నం పెట్టింది. నాతో మాట్లాడలేదు.

జనవరి 8

మాట్లాడలేదు. కానీ నా మందులు తీసి పెట్టింది. విజిల్ కూడా కడిగి పెట్టింది.

జనవరి 9, శుక్రవారం

చెప్పాను.

వివరంగా రాయాలి, లేకపోతే రేపు నాకు అనుకూలంగా గుర్తుంచుకుంటాను.

మధ్యాహ్నం నమాజు అయ్యాక వెళ్ళాను. భాగ్య ఆటో దాకా వచ్చింది, ఎక్కలేదు. "నీ పని నువ్వే చేసుకో" అంది. ఇరవై ఎనిమిది మెట్లు, మూడుసార్లు ఆగాను. తలుపు జానీ తీశాడు. వాడు ఉంటాడనుకోలేదు. అచ్చం వాళ్ళ నాన్న భుజాలు. "చాచా, రా" అన్నాడు, కుర్చీ వేశాడు. వదిన వంటింట్లోంచి వచ్చి, మళ్ళీ స్టూలు మీద దిండు పెట్టబోయింది.

వద్దన్నాను. తల దాచుకొని చెప్పే మాట కాదు.

పీల్చాను. వదినా, ఆ రిపోర్ట్. పీల్చాను. అన్నది కాదు. ఆమె ముఖంలో ఇంకా ఏమీ లేదు, మేడం చెప్పినట్టే ఆగింది. మూడోదానికి జానీ ఊపిరి నాకు వినబడింది. వాడు ముందే అర్థం చేసుకున్నాడు. నాలుగోది చెప్పేటప్పుడు నా గొంతు చిన్నదైపోయింది, రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. ఊదింది నేను. ఊదింది నేను.

ఐదు, ఆరు చెప్పాను. ఏడోది కూడా చెప్పాను. నీ తప్పు లేదు వదినా.

తిడుతుందనుకున్నాను. కొడుతుందని కూడా అనుకున్నాను, కొడితే బాగుండు అనుకున్నాను. లేచి బీరువా తీసి ఆ కాగితం తెచ్చింది. కళ్ళద్దాలు పెట్టుకుంది. ఆమెకు చదవడం రాదు, అంకెలు మాత్రం వచ్చు. అంకె మీద వేలు పెట్టింది.

"ఇది నీదా?"

"నాదే."

"మరి ఆయనది ఎంత?"

ఆయన ఊపిరి ఎంత ఉందో ఎవరూ కొలవలేదు.

ఇంకోసారి అడిగింది, చిన్నపిల్లను అడిగినట్టు మెల్లగా. "చెప్పు తమ్మీ. ఆయనది ఎంతుండె?"

జానీ నన్ను భుజం పట్టి లేపాడు. గట్టిగా కాదు, మెత్తగా కాదు. మెట్ల దాకా వచ్చాడు. పద్నాలుగో మెట్టు దగ్గర నేను ఆగితే వాడూ పైన ఆగాడు. ఇద్దరం వేరువేరు మెట్ల మీద ఊపిరి తీసుకుంటూ నిలబడ్డాం.

జనవరి 10

మోయలేనిది దించుకుంటే తేలిక అవుతుందంటారు. అవలేదు.

జనవరి 14

కసరత్తు చేయలేదు.

జనవరి 17

చేయలేదు. భాగ్య "చస్తవా?" అంది. వారం తర్వాత ఆమె నాతో అన్న మొదటి మాట. లేచి గేటు దాకా నడిచాను.

మేడారం స్పెషల్ బస్సులు మొదలవుతున్నాయట. డిపో వైపు నుంచి హారన్లు. ఈ ఏడు ఆ స్టీరింగుల వెనక ఎవరున్నారో. ఎవరెవరు ఆగి తల ఆనించుకుంటున్నారో. వెనక నుంచి ఎవడు విజిల్ కొడుతున్నాడో.

జనవరి 20, మంగళవారం

జానీ ఫోన్. పేరు చూసి ఎత్తడానికి కొంచెంసేపు పట్టింది.

"చాచా, ఎల్లుండి పొద్దుగాల నీ దవాఖానకే వస్తాన. ఆ మేడంకు చెప్పి పెట్టు. అమ్మ తీస్కపొమ్మన్నది."

"మంచిది బిడ్డా. నేనుంట."

అటువైపు వాడి ఊపిరి వినబడింది.

"అమ్మ ఒక మాట చెప్పమన్నది చాచా. నేను ఊదేటప్పుడు నువ్వు పక్కకు ఉండొద్దట."

జనవరి 22, గురువారం

దవాఖాన వరండాలో కూర్చొని రాస్తున్నాను.

వదిన వచ్చింది. ఆ మోకాళ్ళతో ఇరవై ఎనిమిది మెట్లు దిగి వచ్చింది. సలాం చేశాను. తీసుకుంది. నా పక్కన కూర్చోలేదు, ఎదురు బెంచీ మీద కూర్చుంది. ఒడిలో చేతిసంచి. అందులో ల్యామినేషన్ కాగితం అంచు కనబడుతోంది. ఎందుకు తెచ్చిందో అడిగే ధైర్యం నాకు లేదు.

జానీని లోపలికి పిలిచారు. పేరు పిలిచినప్పుడు వాడు నా వైపు చూడలేదు. తల ఎత్తుకొని పోయాడు.

తలుపు వేశారు.

స్రవంతి మేడం గొంతు వినబడుతోంది. "నిండ పీల్చు. పెదవులు గట్టిగ మూయి. ఆఁ, ఇప్పుడు ఊదు. ఊదు, ఊదు, ఊదు, ఇంక, ఇంక..."

దగ్గు. రెండు పొడిగా. ఒకటి పొడుగ్గా.

"పర్లే. జరసేపు ఆగి మల్ల చేద్దాం."

ఎదురు బెంచీ నుంచి వదిన నన్నే చూస్తోంది. కళ్ళు కాదు, నా నోటి వైపు చూస్తోంది. ఎందుకా అనుకున్నాను. అప్పుడు తెలిసింది. నా మూతి ముడుచుకొని ఉంది. లోపల వాడితో పాటు ఇక్కడ నేనూ ఊదుతున్నాను.

నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

మళ్ళీ మొదలుపెట్టారు. "నిండ పీల్చు..."